ప్లేటు మీద పేరు

కందికంప ఇంకో నాలుగు పుల్లలెయ్యరా అబ్బాయ్, మంట సన్నగిల్లింది. నువ్విట్టా నా పక్కకొచ్చి కూచో తల్లీ. మీ నాన్న చెప్పాడు నీ కబురు. ఇన్నాళ్లూ పాడిన కంపెనీ వదిలి కొత్త కంపెనీలో చేరావంట. నీ జానపదాల ఆల్బం సంక్రాంతికి బయటికొచ్చిద్దంట. చానా సంతోషం. పాత కంపెనీని కాదనుకున్నందుకు నలుగురూ ఏమనుకుంటారో, జనం నీ పాట వెతుక్కుంటా కొత్త చోటికి వస్తారో రారో అని దిగులు పడుతున్నావంట గదా. దానికి దిగులెందుకమ్మా? పాటగాళ్లు కంపెనీలు మారటం ఇయ్యాల మొదలైంది కాదు. మా ప్లేట్ల కాలంలో నేను చూసిందీ, పెద్దోళ్ల నోట విన్నదీ చెబుతా విను. అందులో నీకు పనికొచ్చే మాట ఒకటుంది.

నేను నరసరావుపేటలో మైకుసెట్టు అంగట్లో కుర్రోడిగా చేరేనాటికి మన పల్నాటికి సాగర్ నీళ్లు రాలేదు. 1955లో నెహ్రూ వచ్చి డ్యాముకు శంకుస్థాపన చేసిపోయాడు. కుడికాలవలో నీళ్లు పారేసరికి 1967 అయింది. అందాకా మనది జొన్నా సజ్జా, ఆకాశం వంక చూసే సేద్యం. అయినా పెళ్లంటే మాత్రం మైకుసెట్టు ఉండాల్సిందే. రెండు హారన్ బూరలు, ఆంప్లిఫయరు, బ్యాటరీ, పాటలపెట్టె, ప్లేట్ల ట్రంకుపెట్టె, ఇవన్నీ ఎద్దులబండి మీద వేసుకోని ఊళ్లకు పోయేవాళ్లం. పెళ్లింటి ముందు వేపచెట్టుకు బూర కట్టి మొదటి ప్లేటు వేశామంటే పక్క ఊరి పొలాల దాకా వినబడేది. కలుపు తీసే ఆడోళ్లు నడుములెత్తి నిలబడేవోళ్లు.

మీకు ప్లేటంటే తెలియదు గదా. లక్కతో చేసిన నల్లటి బిళ్ల అది. చెయ్యి జారిందా, పెంకులైపోయేది. నిమిషానికి 78 చుట్లు తిరిగేది. పదంగుళాల ప్లేటు ఒక పక్కన మూడు నిమిషాల పైచిలుకు పాడేది, అంతే. ముల్లు అరిగితే వెంటనే మార్చాలి, లేకపోతే ప్లేటు గీతల్ని అదే గీరి పాడుచేసిద్ది. ముల్లు మార్చటం, ప్లేటు తుడవటం, ఏ ప్లేటు ఎప్పుడెయ్యాలో చూసుకోవటం, ఇదే నా పని.

మా ఓనరుకి అక్షరం ముక్క రాదు. ప్లేటు మధ్యన అంటించిన కాగితం మీద బొమ్మ చూసి చెప్పేవాడు. గ్రామఫోను బూర ముందు కూచున్న కుక్క ఉంటే హెచ్చెమ్వీ. జంట స్వరాల గుర్తుంటే కొలంబియా. గోపురం లాంటి బొమ్మ ఉంటే ఓడియన్. హచ్చిన్సని ఇంకోటి ఉండేది. "ఆ కుక్కమార్కు కృష్ణుడి పద్యం ఎయ్యరా" అనేవాడు. నేను ఐదో క్లాసు దాకా చదివా కాబట్టి బొమ్మ కింద అక్షరాలు కూడా కూడబలుక్కోని చదివేవాణ్ని. ఏ నాటకం, ఏ పద్యం, పాడిందెవరు అని. అట్టా చదవటం అలవాటై, ప్లేటు చేతికొస్తే ముందు పేరు చూట్టం నాకు జన్మకంతా అంటుకుంది.

ఈ దేశంలో ప్లేట్ల మీద పేర్ల కథ మొదలైన తీరే చిత్రం. 1902లో గైస్‌బర్గ్ అనే దొర కలకత్తా వచ్చి గౌహర్ జాన్ అనే గొప్ప గాయని చేత పాడించాడు. అప్పట్లో ప్లేట్లు అచ్చువేసేది మన దేశంలో కాదు, జర్మనీలో హానోవర్ అనే ఊళ్లో. అక్కడోళ్లకు మన భాషలు రావు, ఏ పాట ఎవరిదో తెలిసే దారి లేదు. అందుకని పాట చివర ఆమె తన పేరు తనే గట్టిగా ఇంగ్లీషులో చెప్పేది. ఆ మాట విని వాళ్లు చీటీ అచ్చేసేవాళ్లు. ఆమె పోయి ఇన్నేళ్లయినా ఆ ప్లేటు పెడితే ఇప్పటికీ చివరన ఆమె పేరు ఆమె గొంతులోనే వినబడిద్ది.

మొదట్లో కంపెనీ అంటే హెచ్చెమ్వీ అన్నట్టే ఉండేది. పాటగాడికి బేరమాడే దారి తక్కువ. వాళ్లిచ్చింది తీసుకోవటం, వాళ్లు పాడమన్నది పాడటం. తర్వాత రెండో కంపెనీ, మూడో కంపెనీ వచ్చాయి. కారైకుడిలో ప్లేట్లమ్మే కుటుంబంలో పుట్టిన మెయ్యప్ప చెట్టియారు 1932లో స్నేహితులతో కలిసి మద్రాసులో సరస్వతీ స్టోర్స్ పెట్టాడు. జర్మనీ కంపెనీ ఓడియన్‌తో ఒప్పందం చేసుకోని మన దక్షిణాది వాళ్ల చేత పాడించి ప్లేట్లు తెచ్చాడు. తర్వాత ఏవీఎం స్టూడియో కట్టిన మెయ్యప్పన్ ఆయనే. అట్టా పోటీ వచ్చేసరికి పాటగాళ్ల కోసం కంపెనీలే వెతుక్కుంటా రావటం మొదలైంది. ఒకే గొంతు ఒక ప్లేటులో కుక్కబొమ్మ కింద, ఇంకో ప్లేటులో గోపురం బొమ్మ కింద కనపడేది. దాన్ని తప్పని ఎవరూ అనుకోలేదమ్మా. ఒకచోట పాడనియ్యని పద్యం ఇంకోచోట పాడొచ్చు. ఒకచోట ఒక్క ప్లేటిస్తే, ఇంకోచోట నాటకం మొత్తాన్నీ నాలుగైదు ప్లేట్ల సెట్టుగా తెస్తామనేవాళ్లు. పాటకు చోటు పెరిగే వైపుకు పాటగాడు జరగటం ధర్మమే.

జనం ఏమనుకునేవాళ్లంటావా? ఊళ్లో ఎవరూ కంపెనీ పేరడిగి ప్లేటు వెయ్యమనలేదు. "కపిలవాయి పద్యం ఎయ్యి" అనేవోళ్లు. కపిలవాయి రామనాథశాస్త్రి నేను పుట్టకముందే పోయాడు. ఆయన ప్లేట్లు మాత్రం అరిగి గరగరలాడతా మా ట్రంకుపెట్టెలో ఉండేవి, అడిగేవోళ్లు ఉండేవోళ్లు. స్థానం నరసింహారావు మన బాపట్ల ఆయన, మగాడై ఉండి సత్యభామగా ఆడవాళ్లకు నడక నేర్పినవాడు. ఆయన పాట ప్లేటులో వస్తుంటే పెళ్లిపందిట్లో ముసలమ్మలు నవ్వుకుంటా వినేవోళ్లు. సుద్దపల్లి నుంచి వచ్చిన రఘురామయ్య నోట్లో వేలు పెట్టి ఈలతో రాగం తీస్తే అది వేణువనే అనుకునేవోళ్లు. అందుకే ఆయన్ని ఈలపాట రఘురామయ్య అన్నారు. వీళ్లు ఏ కంపెనీకి పాడారో ఊళ్లో నూటికొకరికి కూడా పట్టలేదు.

అయితే ప్లేటుకొక లోపముంది, అది కూడా చెప్పాలి. కోటప్పకొండ తిరునాళ్ల చూశావు గదా. మహాశివరాత్రికి కావూరు నుంచీ, పురుషోత్తమపట్నం నుంచీ ఎనభై తొంభై అడుగుల ప్రభలు వచ్చి నిలబడితే వాటి కింద తెల్లార్లూ నాటకాలు. కృష్ణ రాయబారమైతే ఒక్క రాత్రిలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు. పడక సీనుకి ఒకడు, రాయబారానికి ఇంకొకడు. కాంట్రాక్టరు పేరున్నోళ్లనందర్నీ వేరేవేరే ఊళ్ల నుంచి పిలిపిచ్చి ఒక స్టేజీ ఎక్కించేవాడు. పద్యం చివర రాగం తీస్తే హార్మోనియం వెనకాల పరిగెత్తాల్సిందే. ఈ మూల నుంచి వన్స్‌మోర్, ఆ మూల నుంచి వన్స్‌మోర్. మెచ్చినవాడు స్టేజీ ఎక్కి చొక్కాకు నోటు గుచ్చి దిగేవాడు. అట్టాంటి పద్యాన్ని ప్లేటులో మూడు నిమిషాలకు కుదించాల. రాగం కోసేసేవోళ్లు, నడుమ మాటలు తీసేసేవోళ్లు. స్టేజీ మీద పావుగంట సాగిన పద్యం ప్లేటులో గబగబా నడిచిపోయేది. అందుకే ప్లేటు విన్నోళ్లు మళ్లీ తిరునాళ్లకు పోయి అసలు గొంతు విని తృప్తి పడేవోళ్లు. నీకిప్పుడు మూడు నిమిషాల కట్టుబాటు లేదు. అయినా ఫోనులో చూసేవోళ్లకి ఓపిక లేదని నిన్ను కూడా పాట కొయ్యమంటారు. పల్లవి రెండుసార్లు, చరణం ఒకటి, దరువు మోత, అయిపోయింది. కనీసం ఒక్క పాటైనా నిండుగా పాడు. నిన్ను నువ్వు మెచ్చుకునే పాట అదే అయ్యిద్ది.

ఘంటసాల గారి సంగతి చెప్పకుండా ఎట్టా? ఆయన మనోళ్లు కాదు, కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టారు. విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. 1942 ఉద్యమంలో అలీపురం జైలుకు పోయొచ్చి, మద్రాసు చేరి నానా కష్టాలూ పడ్డారు. అప్పట్లో గ్రామఫోను కంపెనీలో పనిచేసే పేకేటి శివరాం ఆయన చేత ప్రైవేటు పాటలు పాడించాడు. మన పల్నాటి యుద్ధాన్ని గూడవల్లి రామబ్రహ్మం సినిమాగా మొదలుపెడితే, ఆయన పోయాక ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేసి 1947లో తెచ్చాడు. నాగమ్మగా కన్నాంబ, బాలచంద్రుడుగా నాగేశ్వరరావు. అందులోనూ ఘంటసాల గొంతుంది. తర్వాత పుష్పవిలాపం, కుంతీకుమారి ప్లేట్లు వచ్చాయి. పుష్పవిలాపం వేసిన రోజున పందిట్లో పూలు కోసేవోళ్ల చేతులు ఆగిపోయేవి. నేను కళ్లారా చూశా.

ఆ ప్లేట్లలో నాకు నచ్చిన సంగతి ఇంకోటుంది. పుష్పవిలాపం అనగానే జనం ఘంటసాల పేరు చెప్పి ఊరుకునేవోళ్లు కాదు. "కరుణశ్రీ పద్యాలు, ఘంటసాల గానం" అని రెండు పేర్లూ కలిపే చెప్పేవోళ్లు. కరుణశ్రీ అంటే మన గుంటూరు జిల్లా కొమ్మూరాయన, జంధ్యాల పాపయ్యశాస్త్రి గారే. రాసినాయనా పాడినాయనా ఇద్దరూ జనం నోట్లో బతికారు. చివరన హెచ్చెమ్వీకి ఘంటసాల గారు పాడిన భగవద్గీత చూడు. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయారు. ఆ ప్లేట్లు మనకు చేరింది ఆయన పోయాకే. ఇయ్యాల కంపెనీల పేర్లు మారిపోయాయి. హెచ్చెమ్వీ అన్న పేరు పోయి 2000లో సరేగమ అయింది. పొద్దున్నే గుళ్లో వినబడే గీత మాత్రం ఘంటసాల గీతే. దాన్ని కంపెనీ పేరుతో పిలిచినోణ్ని నేను చూళ్లేదు.

మరి పేరు తప్పిపోయిన కథ కూడా విను. మన వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా గురించి బళ్లో చదువుకునే ఉంటావు. అంత కవి, పుట్టిన ఊళ్లోనే కులం పేరు చెప్పి ఆయన్ని అవమానించారు. బతుకుతెరువుకు రాజమండ్రిలో మూగసినిమాలకు కథ చదివే పని కూడా చేశాడు. ఆయన శ్మశానవాటి పద్యాలు రాస్తే, హరిశ్చంద్ర వేసే నటులు వాటిని కాటిసీనులో పెట్టుకున్నారు. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కాటిసీనులో జాషువా పద్యాలొస్తేగాని జనం లేవరు. తిరునాళ్లలో విన్నా, ప్లేట్లలో విన్నా, తర్వాత క్యాసెట్లలో విన్నా అవే పద్యాలు. కానీ అరుగుల మీద కూచోని ఆ పద్యాలు పాడుకునేవోళ్లలో చానామంది అవి నాటకంలోవేననుకునేవోళ్లు. వినుకొండ తిరునాళ్లలోనే "ఈ పద్యం మన ఊరి జాషువాది" అని నేను చెబితే నమ్మని పెద్దలున్నారు. ఏ మనిషిని అవమానించిందో, ఆయన పద్యానికి అదే ఊరు కన్నీళ్లు పెట్టుకుంది. ఆయన పేరు మాత్రం చెప్పుకోలేదు. ఇది నన్ను చానా కాలం బాధపెట్టింది. ఇప్పటికీ బాధే.

అసలు ఏ ప్లేటుకీ ఎక్కని పాట మన దగ్గరే ఉంది. కార్తీక అమావాస్యకు కారంపూడిలో నాగులేటి ఒడ్డున పల్నాటి వీరుల ఉత్సవం జరిగిద్ది గదా. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఐదు రోజులు. అక్కడ వీరవిద్యావంతులు బ్రహ్మనాయుడి కథ, నాగమ్మ కథ, బాలచంద్రుడి కథ రాత్రుళ్లు రాత్రుళ్లు పాడతారు. అది మూడు నిమిషాల ప్లేటుకెట్టా పట్టిద్ది? ఏ కంపెనీ ఆ పనికి పూనుకున్నట్టు నేనెరగను. బుర్రకథ నాజరు గారు, పొన్నెకల్లు షేక్ నాజరు, పల్నాటి యుద్ధాన్ని తన గొంతుతో దేశమంతా తిప్పాడు. 1953లో వచ్చిన పుట్టిల్లు సినిమాలో ఆయన బుర్రకథ పెట్టారు, 1986లో పద్మశ్రీ ఇచ్చారు. కానీ తరతరాలుగా వీరుల గుడి ముందే పాడుకుంటా వచ్చినోళ్ల పేరు బయటికి రాలేదు.

అట్టాంటప్పుడు 1970ల్లో అమెరికా నుంచి జీన్ రోఘైర్ అనే ఆయన వచ్చాడు. తెలుగు నేర్చుకోని, మన ఊళ్లలో తిరిగి, అలిశెట్టి గాలెయ్య అనే కథకుడి ముందు కూచోని ఆ కథంతా టేపు చేసుకున్నాడు. 1982లో ఆక్స్‌ఫర్డు వాళ్లు దాన్ని ఇంగ్లీషు పుస్తకంగా అచ్చేశారు. అందులో ఈ కథ పాడింది అలిశెట్టి గాలెయ్య అని రాశాడమ్మా. మన పల్నాటి మాలపల్లె పాట సముద్రాలు దాటి పోయింది, పాడినవాడి పేరు కూడా దాంతోపాటే పోయింది. ఎక్కడి నుంచో వచ్చిన మనిషి పాటకు ఎట్టా మర్యాద చెయ్యాలో మనకు చూపిచ్చిపోయాడు.

తర్వాత క్యాసెట్ల కాలం వచ్చింది. 1980ల్లో బస్టాండు దగ్గర బడ్డీకొట్లో కూడా క్యాసెట్లు దొరికేవి. ప్లేట్లు మూలనబడ్డాయి. ఊరికొక మైకుసెట్టు పోయి ఇంటికొక టేప్‌రికార్డరు వచ్చింది. జానపదాలకు మంచి గిరాకీ పుట్టింది. నేను అట్టపెట్టె తిప్పి చూసేవాణ్ని, అలవాటు గదా. పాడినవాళ్ల పేరుంటది, సంగీతం పేరుంటది, కంపెనీ పేరు పెద్దక్షరాల్లో ఉంటది. రచన దగ్గర మాత్రం "జానపదం" అనో "సాంప్రదాయం" అనో ఉంటది. ఆ పాట నాట్లేసేటప్పుడు కట్టిన మనిషెవరు? మిరపకాయలు కోస్తా చరణం కలిపిందెవరు? ఎవరో ఒక తల్లి కట్టింది గదా. ఆకాశం నుంచి ఊడిపడలేదు గదా.

వింజమూరి అనసూయమ్మ గారిని గుర్తుపెట్టుకో. కాకినాడ ఆడపిల్ల, పసితనంలోనే గ్రామఫోనుకు పాడింది. చెల్లెలు సీతమ్మతో కలిసి పల్లెపాటను పెద్దపెద్ద సభల్లోకి తీసుకుపోయింది. పల్లెల్లో ఆడోళ్ల దగ్గర కూచోని పాటలు సేకరించింది. పుస్తకాలుగా వేసింది. 2019లో అమెరికాలో హ్యూస్టన్‌లో పోయింది. ఇయ్యాల జానపదం పాడి బతుకుతున్న ప్రతి పిల్లా ఆమె వేసిన దారిలోనే నడుస్తా ఉంది, నువ్వు కూడా.

ఇప్పుడు నీకు చెప్పాల్సిన మాట చెబుతా. కంపెనీ మారావు, మంచిదే. జనం నీ గొంతు వెంట వస్తారు, దిగులొద్దు. కానీ సంతకం పెట్టేముందు కాగితం రెండుసార్లు చదువు. మా కాలంలో చేతిలో ఇంత డబ్బు పెట్టి పంపేవోళ్లు, ఆ తర్వాత ప్లేటు ఎన్ని వేలు అమ్మినా పాడినోళ్లలో చానామందికి ఇంకో పైసా వచ్చేది కాదు. 2012లో చట్టం సవరించారు. పాట రాసినోళ్లకీ బాణీ కట్టినోళ్లకీ రాయల్టీ హక్కు గట్టిపడింది, వ్యాపారానికి వాడుకుంటే పాడినోళ్లకు కూడా రావాల్సిందేనని రాశారు. తెలిసిన వకీలుకు చూపిచ్చి అప్పుడు సంతకం పెట్టు.

రెండోది డబ్బుకన్నా పెద్దది. నువ్వు పాడే కలుపుపాట మీ నాయనమ్మ నేర్పింది. ఆమెకు దుర్గి దగ్గర ఆమె మేనత్త నేర్పింది. రోకటిపాట మాచర్ల నుంచి కూలికొచ్చిన ఆమె దగ్గర నేర్చుకున్నానని నువ్వే చెప్పావు. ఆ పేర్లు రాయించు. ప్రతి పాట కిందా "ఈ పాట ఫలానా ఊరి ఫలానా ఆమె దగ్గర నేర్చుకున్నాను" అని అచ్చులో ఉండాలని కంపెనీని అడుగు. చోటు లేదంటే పాట మొదట్లో నువ్వే నోటితో చెప్పు, గౌహర్ జాన్ చెప్పినట్టు. ఆమె తన పేరు చెప్పుకుంది, నువ్వు నీకు పాట ఇచ్చినోళ్ల పేరు చెప్పు. ఒప్పుకోని కంపెనీ అయితే ఇంకో కంపెనీ చూసుకో. కంపెనీలు ఎన్నయినా దొరుకుతాయి, ఎన్నిసార్లయినా మారొచ్చు. పాట నేర్పినోళ్ల పేరు ఒకసారి తప్పిపోయిందంటే తిరిగి దొరకటం కష్టం, జాషువా పేరు ఏమైందో విన్నావు గదా.

ఆ రోకటిపాట నేర్పిన ఆమె ఇంకా మాచర్లలోనే ఉందన్నావు. ఆల్బం వచ్చేముందే ఒకసారి పోయి రా. పాట ఆమెకు వినిపిచ్చి, పేరు ఎట్టా రాయాలో ఆమెనే అడిగి రాసుకో.